పోర్చుగీసు క్రియారూపాలను రెండు రకాలుగా విడగొట్టే ప్రోగ్రాము: పని డైరీ

ఒక పోర్చుగీసు క్రియారూపాన్ని ఇస్తే దాన్ని అక్షరాలుగా ఒక వరుసలోనూ, ధాతువు, ప్రత్యయాలుగా మరో వరుసలోనూ విడగొట్టి చూపే చిన్న ప్రోగ్రాము ఇది. చదువుకోవడానికి అచ్చు వేసుకునే కార్డుల కోసం రాశాను. ఇదే పని తలపెట్టేవారికి నా పొరపాట్లు పనికొస్తాయని దశలవారీగా రాసి పెడుతున్నాను.

ఈ డైరీలో వాడిన రాత పద్ధతి

పోర్చుగీసు మాటలను ఇక్కడ ఉచ్చారణను బట్టి కాక, స్పెల్లింగును బట్టి తెలుగు లిపిలోకి మార్చాను.

1. స్వరం మీద స్వరిత చిహ్నం (పైన గీత గాని టోపీ గుర్తు గాని) ఉంటే తెలుగులో దీర్ఘం రాశాను; లేకపోతే హ్రస్వం. పోర్చుగీసులో అర్థాన్ని మార్చే హ్రస్వదీర్ఘ భేదం లేదు కాబట్టి దీర్ఘాలు ఈ పనికి ఖాళీగా దొరికాయి.
2. స్వరం మీద టిల్డె (~ గుర్తు) ఉంటే అరసున్న పెట్టాను.
3. పక్కపక్కనే వచ్చే స్వరాలను కలపకుండా రాశాను: సఇ, కెఉ.
4. అక్షర విభజనకు చుక్క (·), పద నిర్మాణానికి కూడిక గుర్తు (+). అడ్డగీత కనిపిస్తే అది పోర్చుగీసు స్పెల్లింగులోనే ఉన్నదని అర్థం.

అక్షరం అంటే ఈ డైరీలో సిలబుల్. వర్ణం అంటే లిపిలోని ఒక్కో గుర్తు. ఉదాహరణకు ‘మేము పాడుతూ ఉండేవాళ్ళం’ అనే అర్థమిచ్చే కంతావమొస్ అనే రూపం అక్షరాలుగా కన్·తా·వ·మొస్ అవుతుంది. నిర్మాణంగా కంత్+ఆ+వ+మొస్ అవుతుంది. కంత్ ధాతువు, ఆ అనేది క్రియ ఏ గణానికి చెందిందో చెప్పే స్వరం, వ కాలాన్ని, మొస్ పురుషవచనాలను చెప్పే ప్రత్యయాలు. ఆ రెండో ముక్కను గణస్వరం అంటాను. సంస్కృత వ్యాకరణంలో ధాతువుకూ ప్రత్యయానికీ నడుమ వచ్చే వికరణం తెలిసినవారికి దీని పాత్ర వెంటనే అర్థమవుతుంది. ఈ నాలుగు ముక్కల నమూనాను పోర్చుగీసుకు స్థిరపరచిన వారిలో ముఖ్యులు బ్రెజిల్ భాషాశాస్త్రవేత్త జొఆకిం మతోసొ కామరా జూనియర్ (1904–1970).

దశ 1: పరీక్ష జాబితా, దాని తప్పులు

ఎనిమిది క్రియలు ఎంచుకున్నాను: కంతర్ (పాడు), వెందెర్ (అమ్ము), పర్తిర్ (బయలుదేరు), సఇర్ (బయటికి వెళ్ళు), పస్సెఅర్ (షికారు తిరుగు), కొపిఅర్ (నకలు తీయు), కొన్‌స్త్రుఇర్ (కట్టు), పోర్ (పెట్టు). మొదటి మూడూ అర్, ఎర్, ఇర్ అనే మూడు గణాలకు సాదా ప్రతినిధులు. పోర్ చూడటానికి ఏ గణానికీ చెందనట్టు ఉంటుంది గాని, పాత పోర్చుగీసులో దాని రూపం పొఎర్ కాబట్టి రెండో గణంలోనే లెక్క.

ఒక్కో క్రియకు పది రూపావళులు, ఒక్కోదానిలో ఆరు పురుషవచనాలు కలిపి 60 గళ్ళు. శత్రర్థకం, భూతకాల విశేషణం చేరిస్తే 62. విధ్యర్థకాన్ని వదిలేశాను, ఎందుకంటే అందులో దాదాపు అన్ని రూపాలూ మిగతా గళ్ళ నుంచి తెచ్చుకున్నవే.

మొత్తం: 8 క్రియలు × 62 = 496 గళ్ళు.

గళ్ళు అంటున్నాను, రూపాలు అనడం లేదు. కంతర్ 60 గళ్ళలో వేర్వేరు రూపాలు 46 మాత్రమే ఉన్నాయి. కంతర అనే ఒకే రూపం ఉత్తమ పురుషకూ ప్రథమ పురుషకూ పూర్వభూతంగా (‘అప్పటికే పాడి ఉన్నాను/ఉన్నాడు’) పనిచేస్తుంది. కంతరమ్ సమాప్త భూతంలోనూ పూర్వభూతంలోనూ కనిపిస్తుంది. ఈ లెక్క ముందే వేసుకోకపోతే తరువాత ‘ఒక రూపానికి ఒకే జవాబు’ అన్న అంచనాతో ప్రోగ్రాము రాసి చిక్కుకుంటారు. నేను చిక్కుకున్నాను, అది దశ 5లో వస్తుంది.

సరైన జవాబుల పట్టికను పెన్సిలుతో కాగితం మీద రాసి, ఆ తరువాత కంప్యూటరులో పట్టికగా ఎక్కించాను. మొదటి తప్పు ప్రోగ్రాములో కాదు, ఈ పట్టికలోనే దొరికింది. కంతస్సె (‘పాడి ఉంటే’ వంటి రూపం) అన్నదాన్ని క·న్త·స్సె అన్న ధోరణిలో, అంటే తెలుగు సంయుక్తాక్షరం రాసే అలవాటుతో విడగొట్టాను. మన లిపిలో హల్లు తరువాతి హల్లుతో కలిసిపోతుంది. పోర్చుగీసు విభజనలో మొదటి హల్లు వెనక్కి వెళ్ళి ముందు అక్షరాన్ని మూస్తుంది: కన్·తస్·సె. నిజానికి ఛందస్సు నేర్చుకున్నవారికి ఇది కొత్త కాదు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అవుతుందన్న సూత్రం చెప్పేది కూడా ఆ హల్లు బరువు వెనక్కి పడుతుందనే. కంతర్, వెందెర్ క్రియల కింద ఇలా తప్పు రాసిన 12 గళ్ళను దిద్ది, మిగతా ఆరు క్రియలను మొదటి నుంచి సరిచూశాను.

దశ 2: హల్లుల నియమాలు

మొదటి ప్రోగ్రాములో హల్లులకు ఒకే నియమం పెట్టాను: రెండు స్వరాల నడుమ ఎన్ని హల్లులున్నా చివరిది కుడికి, మిగతావి ఎడమకు. స్వరాలకు రెండు నియమాలు: రెండోది స్వరిత చిహ్నం లేని ఇ లేదా ఉ అయితే రెండు స్వరాలూ ఒకే అక్షరం, లేకపోతే వేర్వేరు అక్షరాలు.

మొత్తం: 496లో తప్పులు 105.

వీటిలో హల్లుల వల్ల వచ్చినవి 75. కొన్‌స్త్రుఇర్ 62 గళ్ళూ తప్పే, ఎందుకంటే ప్రోగ్రాము దాన్ని కొన్‌స్త్·రు అని విరిచింది, సరైనది కొన్స్·త్రు. పోర్ క్రియలో పొన్హొ, పున్హ వంటి 13 గళ్ళు తప్పాయి, ఎందుకంటే న, హ అనే రెండు వర్ణాలు కలిసి ఒకే ధ్వనిని (మన ఞకు దగ్గరిది) సూచిస్తాయని ప్రోగ్రాముకు తెలియదు.

మార్చినవి:

1. ప, బ, త, ద, క, గ, ఫ, వ ధ్వనుల తరువాత ర గాని ల గాని వస్తే ఆ జంటను విడదీయకూడదు (బ్ర, త్ర, ప్ల వగైరా).
2. న్హ, ల్హ, ష ధ్వనికి రాసే సి-హెచ్ జంట: ఇవి ఒకే హల్లు కింద లెక్క.
3. ర్ర, స్స జంటలు మాత్రం ఒకే ధ్వని అయినా విడిపోతాయి. ధ్వనిని బట్టి చూస్తే ఇది అసంగతం, కాని రాతలో విభజన నియమం ఇదే.

మొదటి నియమానికి మినహాయింపు ఒకటుంది. పోర్చుగీసు భాషా దేశాల మధ్య కుదిరిన 1990 స్పెల్లింగు ఒప్పందంలో అక్షర విభజనను చెప్పే ఇరవయ్యో ఆధారసూత్రం బ లేదా ద తో ముగిసే కొన్ని ఉపసర్గలను ల నుంచి విడిగా ఉంచమంటుంది: సుబ్·లు·నర్. అదే సూత్రం మామూలుగా వ్యుత్పత్తిని పట్టించుకోవద్దని కూడా చెబుతుంది. అందుకే దెసపరెసెర్ (మాయమవు) క్రియలో దెస్ అనే ఉపసర్గ కళ్ళెదుట కనిపిస్తున్నా విభజన దె·స·ప·రె·సెర్. ఈ రెండు మాటలనూ ఒకే నియమంలో ఇరికించాలని ఒక సాయంత్రమంతా వృథా చేశాను. చివరికి బ, ద మినహాయింపులకు విడిగా ఒక చిన్న జాబితా రాసి ఊరుకున్నాను. క్రియల్లో అవి చాలా కొద్ది.

మొత్తం: 496లో తప్పులు 52. దిద్దుకున్నవి 53.

దశ 3: స్వరాలు ఎదురుపడిన చోట

మిగిలిన 52 తప్పులూ స్వరాల దగ్గరే ఉన్నాయి. మొదట సులువైనవి తీసేశాను. భవిష్యత్తులో ప్రథమ పురుష బహువచనం కంతరఁఒ వంటి రూపంలో ఉంటుంది. టిల్డె ఉన్న స్వరమూ దాని తరువాతి ఒ లేదా ఎ కలిసి ఒకే అక్షరం (ఎ తరువాత మ్ ఉన్న పొఁఎమ్ తప్ప). ఈ నియమంతో ఆరు క్రియల్లో ఒక్కొక్కటి, పోర్ క్రియలో అదనంగా పొఁఎస్, పొఁఎ అనే రెండు, మొత్తం ఎనిమిది సరిపోయాయి.

మొత్తం: తప్పులు 44. సఇర్ కింద 22, కొన్‌స్త్రుఇర్ కింద 22. మిగతా ఆరు క్రియలూ శుభ్రం.

ఈ రెండు క్రియల దగ్గర చాలా రోజులు ఆగిపోయాను కాబట్టి వివరంగా రాస్తాను. సఇర్ రూపాల్లో అ, ఇ ఎదురుపడినప్పుడు ఒక్కోసారి కలుస్తాయి, ఒక్కోసారి విడిపోతాయి.

- సఇ (బయటికి వెళ్తాడు) ఒకే అక్షరం.
- సఈ (నేను బయటికి వెళ్ళాను) స·ఈ.
- సఇఅ (వెళ్ళాలి అనే సంభావన) సఇ·అ.
- సఈఅ (వెళ్తూ ఉండేవాడు) స·ఈ·అ.
- సఇఉ (వెళ్ళాడు) స·ఇఉ.
- సఇందొ (వెళ్తూ) స·ఇన్·దొ.
- సఇరా (వెళ్తాడు, భవిష్యత్తు) స·ఇ·రా.

స్వరిత చిహ్నం ఉన్నచోట ప్రోగ్రాముకు ఇబ్బంది లేదు. సఇర్ 62 గళ్ళలో 30 చోట్ల అ తరువాతి ఇ మీద ఆ చిహ్నం ఉంటుంది, 30నూ సరిగ్గా విడగొట్టింది. చిహ్నం లేని చోట్లే తప్పులు. స్పెల్లింగు పుస్తకాలు చెప్పే నియమాన్ని బట్టి, ఇ తరువాత అదే అక్షరంలో ర, న, మ, ల, జ్ వంటి హల్లు వస్తే చిహ్నం లేకపోయినా ఇ విడిపోతుంది. అది చేర్చగానే సఇర్, సఇర్మొస్, సఇందొ వంటివి దారికొచ్చాయి. రెండు క్రియల్లో కలిపి 18 తప్పులు పోయాయి.

మొత్తం: తప్పులు 26.

ఒక హెచ్చరిక: ఈ నియమాన్ని నామవాచకాలకు వాడకండి. బఇర్రొ (పేట) అనే మాటలో ఇ తరువాత అదే అక్షరంలో ర ఉంది, అయినా విభజన బఇర్·రొ. ర్ర జంటను విడదీసే నియమం ముందు నడిచి, ఈ నియమం తరువాత నడిస్తే రెండూ కలిసి బ·ఇర్·రొ అనే తప్పును పుట్టిస్తాయి. ర్ర ముందున్న ఇని వదిలేయమని ఒక షరతు చేర్చాను.

మాట చివర స్వరం+ఇఉ వస్తే మొదటి స్వరం విడిపోతుందన్న మరో నియమంతో సఇఉ, కొన్‌స్త్రుఇఉ దిద్దుకున్నాయి.

మొత్తం: తప్పులు 24. అన్నీ భవిష్యత్తు, షరతు రూపాలు: రెండు క్రియలు × 12.

సఇరెఇ, సఇరాస్, సఇరిఅ... వీటిలో ఇ తరువాతి ర తరువాతి అక్షరానికి చెందుతుంది, చిహ్నమేమో ఇ మీద లేదు, కాబట్టి పై నియమాలేవీ పనిచేయవు. పక్కనే పఇరర్ (గాలిలో తేలు) క్రియ ఉంది. దానిలోనూ అ, ఇ, ర అదే వరుసలో ఉన్నా అది పఇ·రర్. వర్ణాల వరుస రెండింటిలోనూ ఒక్కటే కాబట్టి, ఎడమ కుడి వర్ణాలను మాత్రమే చూసే నియమం ఎంత పొడుగ్గా రాసినా ఈ రెండింటినీ విడదీయలేదు. తేడా నిర్మాణంలో ఉంది: స+ఇ+రా లో ఇ గణస్వరం, ధాతువు స దగ్గరే ఆగింది, పఇర్+అ+ర్ లో ఇ ధాతువులో భాగం. (గబగబా మాట్లాడేటప్పుడు స·ఇ కలిసిపోవడం వినిపిస్తుంది, నేను నిఘంటువుల విభజననే అనుసరించాను.)

అప్పటి వరకు అక్షరాలు ముందు, నిర్మాణం తరువాత అనే క్రమంలో ప్రోగ్రాము నడిచింది. ఇక్కడ ఆ క్రమాన్ని తలకిందులు చేసి, నిర్మాణాన్ని ముందు విడగొట్టి, ధాతువు అంచు ఎక్కడుందో అక్షర విభజనకు చెప్పేలా మార్చాను. రాసిన కోడులో సగానికి పైగా తీసేయాల్సి వచ్చింది.

దశ 4: ముందు నిర్మాణం

ప్రత్యయాల పట్టిక చిన్నదే. కాల ప్రత్యయాలు: అసమాప్త భూతానికి మొదటి గణంలో వ, పూర్వభూతానికి ర, భవిష్యత్తుకు రా/రె, షరతుకు రిఅ, సంభావన భూతానికి స్సె, సంభావన భవిష్యత్తుకు ర్. పురుష ప్రత్యయాలు: స్, మొస్, ఇస్/దెస్, మ్, సమాప్త భూతంలో మాత్రం ఇ, స్తె, ఉ, మొస్, స్తెస్, రమ్ అనే వేరే వరుస.

రెండు, మూడు గణాల అసమాప్త భూతం వెందిఅ దగ్గర వ్యాకర్తలే రెండు దారులు తొక్కుతారు: ఇఅ మొత్తం ప్రత్యయమని ఒకటి, ఇ గణస్వరం, అ ప్రత్యయమని మరొకటి. నేను రెండోది పాటించాను, ఎందుకంటే సఈఅలో స+ఈ+అ అని విడగొడితే ధాతువు అంచూ అక్షరం అంచూ ఒక్కచోట పడతాయి. ఇది సిద్ధాంతం కోసం కాదు, కోడు సౌకర్యం కోసం తీసుకున్న నిర్ణయం.

కొత్త నియమం: గణస్వరం ఇ, స్వరంతో ముగిసే ధాతువు తరువాత వస్తే వేరే అక్షరం. నడిపి చూస్తే 24 తప్పులూ పోయాయి, కొత్తగా నాలుగు వచ్చాయి.

మొత్తం: తప్పులు 4. సఇస్, సఇ, కొన్‌స్త్రోఇస్, కొన్‌స్త్రోఇ.

వీటిలోనూ ఇ గణస్వరమే, కాని మాట చివర గాని, చివరి స్ ముందు గాని ఉంది; ఊనిక (నొక్కి పలకడం) ధాతువు మీద పడటంతో ఇ దాని మీదికి ఒరిగి ఒకే అక్షరమవుతుంది. దిద్దుబాటు చిన్నదే: చిహ్నం లేని గణస్వరం ఇ మాట చివర గాని, చివరి స్ ముందు గాని ఉంటే కలిపెయ్యాలి. సఇఒ, సఇఅ వంటి రూపాల్లో ధాతువే సఇ రూపంలో ఉందని పట్టికలో రాశాను.

మొత్తం: 496లో తప్పులు 0.

ఇక్కడ గమనించిన విషయం ఒకటి చెప్పాలి. హల్లుతో ముగిసే ధాతువుకు స్వరంతో మొదలయ్యే ముక్క చేరిందంటే ధాతువు అంచు అక్షరం అంచుతో కలవదు. హల్లు తప్పక తరువాతి స్వరంతో పోతుంది. కంత్ అనే ధాతువు 62 గళ్ళలో ఒక్కచోట కూడా పూర్తి అక్షరంగా నిలబడదు. తెలుగులోనూ అంతే: పాడాము అనేది నిర్మాణంలో పాడ్+ఆ+ము, అక్షరాల్లో పా·డా·ము. కార్డు మీద రెండు వరుసలు ఎందుకని అడిగిన మిత్రుడికి ఈ తెలుగు ఉదాహరణ చూపిస్తే మరో ప్రశ్న రాలేదు.

దశ 5: కత్తిరింపు ఎక్కువైన చోట్లు

ఎనిమిది క్రియలకు ధాతువులు నేనే ఇచ్చాను. బయటి మాటలు ఇస్తే ప్రోగ్రాము చివరి నుంచి అన్నిటికంటే పొడుగైన ప్రత్యయాన్ని వెతికి కోసేది, ఫలితం ఇలా వచ్చింది:

- పస్సె (దాటాలి) ప+స్సె అయింది. సరైనది పస్స్+ఎ.
- కవ (తవ్వుతాడు) క+వ అయింది. సరైనది కవ్+అ.

కాబట్టి కోసిన తరువాత మిగిలింది నిజమైన ధాతువేనా అని చూసే జాబితా తప్పనిసరి. ఆ జాబితాలో కూడా స్పెల్లింగు వల్ల ఒక మెలిక ఉంది. ఫికర్ (ఉండిపోవు) క్రియకు ఎ చేరినప్పుడు ధాతువు చివరి సి పోయి క్యూ, యు అనే రెండు వర్ణాలు వస్తాయి. ధ్వని క గానే ఉంటుంది. పగర్ (చెల్లించు) క్రియలో జి తరువాత యు చేరుతుంది. దిరిజిర్ (నడిపించు) క్రియలో ఒ, అ ల ముందు జి స్థానంలో జె వస్తుంది. ధాతువులు మారలేదు, రాత మారింది. ఈ మార్పిడులకు ఆరు వరుసల పట్టిక పెట్టి, ధాతువును వెతికే ముందు రెండు రూపాలనూ ప్రయత్నించేలా చేశాను.

జాబితా పెట్టినా తేలనివి మిగులుతాయి. విర అనే మాట విరర్ (తిరుగు) క్రియకు వర్తమానం, విర్+అ. వెర్ (చూడు) క్రియకు పూర్వభూతం, వి+ర. అక్షరాల్లో రెండూ వి·ర. విమొస్ అనేది వెర్ క్రియకు ‘చూశాము’, విర్ (వచ్చు) క్రియకు ‘వస్తాము’. మొదట్లో ప్రోగ్రాము దొరికిన మొదటి జవాబునే ఇచ్చి ఆగేది. ఒక రూపానికి ఒకే జవాబు ఉంటుందన్న నా అంచనా ఇక్కడ కూలింది. ఇప్పుడు కుదిరిన జవాబులన్నీ వరుసగా ఇస్తుంది, ఏది సరైనదో వాక్యం చూసి మనిషే తేల్చుకోవాలి. కంతమొస్ (పాడుతాము/పాడాము) సందిగ్ధత పోర్చుగల్ రాతలో భూతకాలానికి కంతామొస్ అని చిహ్నం పెడితే తీరిపోతుంది. బ్రెజిల్ రాతలో తీరదు.

దశ 6: ధాతువు లోపలే స్వరాలు విడిపోతే

కొత్తగా మూడు క్రియలు చేర్చాను: రెఉనిర్ (సమావేశపరచు), ప్రొఇబిర్ (నిషేధించు), సఉదర్ (నమస్కరించు).

మొత్తం: 496 + 186 = 682 గళ్ళు. తప్పులు 162.

ఒక్కో క్రియలో 62కు 54 తప్పు. సరిపోయిన ఎనిమిదీ రెఊనొ, రెఊనె వంటి రూపాలు, చిహ్నం ఉన్నవి. ధాతువు లోపల జరిగే సంగతి కాబట్టి గణస్వరం నియమం ఇక్కడ చేయగలిగింది లేదు. రెఉనిర్ అనేది రె·ఉ·నిర్, కఉసర్ (కలిగించు) అనేది కఉ·సర్ అని ఒక్కొక్క క్రియకూ చేత్తో గుర్తు పెట్టాల్సిందేనని మొదట అనుకున్నాను.

దారి ఆ ఎనిమిది సరైన గళ్ళలోనే దొరికింది. వర్తమాన ఉత్తమ పురుష ఏకవచనంలో ఊనిక ధాతువు మీద పడుతుంది. స్వరాలు విడిపోయే ధాతువైతే అక్కడ చిహ్నం పెట్టక తప్పదు: రెఊనొ, ప్రొఈబొ, సఊదొ. కలిసిపోయే ధాతువైతే చిహ్నం ఉండదు: కఉసొ. అందువల్ల కొత్త క్రియ వచ్చినప్పుడు చేయాల్సింది ఇది:

1. ఆ క్రియ వర్తమాన ఉత్తమ పురుష ఏకవచనం తీసుకోవాలి.
2. ధాతువు లోపలి ఇ లేదా ఉ మీద చిహ్నం ఉందేమో చూడాలి.
3. ఉంటే ఆ క్రియ రూపాలన్నిటిలో ఆ రెండు స్వరాలనూ విడదీయాలి, లేకపోతే కలపాలి.

మొత్తం: 682లో తప్పులు 0.

దీన్ని ఓడించిన క్రియ ఇప్పటికి ఒకటే దొరికింది: ఎంబఇన్హర్ (కత్తిని ఒరలో పెట్టు). న్హ ముందున్న ఇ విడిగా పలికినా దాని మీద చిహ్నం పెట్టరాదన్నది స్పెల్లింగు నియమం, కాబట్టి ఎంబఇన్హొ రూపం చూసి ప్రోగ్రాము కలిపేస్తుంది, సరైనది ఎం·బ·ఇ·న్హొ. న్హ ముందు ఇ వస్తే విడదీయమని మరో వరుస చేర్చాను.

దశ 7: బయటి పాఠాలతో నడిపినప్పుడు

దాచుకున్న ఒక పాఠం మీద నడిపితే, నిన్నటి వరకు సరిగ్గా వచ్చిన సఈమొస్ ఒక్కసారిగా తప్పింది. కారణం వ్యాకరణం కాదు. ఆ ఫైలులో చిహ్నం ఉన్న ఇ ఒకే యూనికోడ్ గుర్తుగా కాక, ఇ, దాని పక్కన విడి చిహ్నం అనే రెండు గుర్తులుగా ఉంది. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. పైథాన్‌లో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి విడి గుర్తులను ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ పద్ధతి) మార్చే ఒక్క వరుసను ప్రోగ్రాము మొదట్లో పెట్టాను. మొదటి రోజే పెట్టాల్సిన వరుస అది.

రెండో చిక్కు పాత స్పెల్లింగు. 1990 ఒప్పందం బ్రెజిల్‌లో 2009 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, 2016 నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు అచ్చయిన పాఠాల్లో వేఎమ్ (చూస్తారు) అని చిహ్నంతో ఉంటుంది, ఇప్పుడు వెఎమ్. విభజన రెండింటిలోనూ ఒక్కటే, కాని రూపాల పట్టికలో పాతది దొరకదు. అంతకంటే నష్టం, ఉ మీద రెండు చుక్కల గుర్తు పోవడం. పాత బ్రెజిల్ రాతలో అర్గుఇర్ (వాదించు) క్రియకు ఉ మీద ఆ చుక్కలు ఉండేవి, ఉ పలుకుతుందని తెలిసేది: అర్·గు·ఇర్. సెగుఇర్ (అనుసరించు) క్రియకు చుక్కలు లేవు, ఉ పలకదు: సె·గుఇర్. ఇప్పుడు రెండూ రాతలో ఒకే తీరుగా ఉన్నాయి. పాత స్పెల్లింగుతో ఈ పని సులువయ్యేదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. అర్గుఇర్ వంటి వాటికి మినహాయింపుల ఫైలు పెట్టాను.

ఎన్‌షగుఅర్ (జాడించు) క్రియకు ఒప్పందమే రెండు రూపాలను అనుమతించింది: ఎన్‌షాగుఒ అని రాస్తే ఎన్·షా·గుఒ, ఎన్‌షగుఒ అని రాస్తే ఎన్·ష·గు·ఒ. చిహ్నం చూసి తేల్చవచ్చు కాబట్టి ఇది బాధ పెట్టలేదు.

దశ 8: అడ్డగీతలు

ఫలస్సె (మాట్లాడి ఉంటే), ఫల-సె (మాట్లాడుకుంటారు) అనే రెండింటికీ మధ్య తేడా రాతలో ఒక అడ్డగీత, ఒక స. మొదటిది ఫ·లస్·సె, ఊనిక లస్ మీద. రెండోది ఫ·ల·సె, ఊనిక ఫ మీద. అడ్డగీతలను ముందే తీసేసే నా పాత వరుస రెండోదాన్ని ఫలసె అనే లేని మాటగా మార్చేది. దాన్ని తొలగించి, అడ్డగీత దగ్గర ముక్కలు చేయడం మొదలుపెట్టాను. అప్పుడు ఇంకో గొడవ బయటపడింది.

పోర్చుగల్ లిఖిత భాషలో భవిష్యత్తు, షరతు రూపాల నడుమకు సర్వనామం దూరుతుంది: కంతా-లొ-ఎఇ (దాన్ని పాడతాను). ఆ భవిష్యత్తు రూపం చరిత్రలో తుమున్నర్థకానికి (కంతర్ వంటి మూల రూపానికి) ‘కలిగి ఉండు’ అనే అర్థమున్న అవెర్ క్రియ చేరి ఏర్పడింది. ఆ అతుకు దగ్గరే సర్వనామం చొరబడింది. బ్రెజిల్ మాటల్లో ఇది వినపడదు, పాఠ్యపుస్తకాల్లో మాత్రం తప్పించుకోలేము. చేసిన పని:

1. అడ్డగీతల దగ్గర మూడు ముక్కలు చేయాలి.
2. చివరి ముక్క ఎఇ, ఆస్, ఆ, ఎమొస్, ఇఅ వంటి జాబితాలో ఉంటే, మొదటి, చివరి ముక్కలను కలిపి క్రియారూపంగా తీసుకోవాలి.
3. నడుమ ముక్క ల తో మొదలైతే మొదటి ముక్క చివర పోయిన ర్ ను తిరిగి చేర్చి, చిహ్నాన్ని తీసేయాలి: కంతా → కంతర్, అప్పుడు కంతరెఇ.
4. నడుమ ముక్క తె, మె, సె వంటిదైతే ఏమీ చేర్చనక్కరలేదు: దర్-తె-ఎఇ.

మూడో మెట్టును రెండు ముక్కల మాటలకు యథాతథంగా వాడి దెబ్బతిన్నాను. కొమే-లొ అంటే కొమెర్ (తిను)+ఒ. చిహ్నం లేని కొమె-లొ అంటే కొమెస్ (తింటావు)+ఒ. ఫే-లొ లో పోయింది ర్ కాదు, జ్: ఫెజ్+ఒ. ఇప్పుడు ర్, స్, జ్ మూడింటినీ చేర్చి చూసి, రూపాల పట్టికలో ఉన్నదాన్నే ఉంచుతున్నాను.

కార్డులు అచ్చు వేసేటప్పుడు వరుస చివర మాట విరిగితే ఒక జాగ్రత్త. విరుపు సరిగ్గా స్పెల్లింగులోని అడ్డగీత దగ్గరే పడితే, కింది వరుస మొదట్లో ఆ అడ్డగీతను మళ్ళీ రాయాలని ఒప్పందం చెబుతుంది. దానిలోని ఉదాహరణ సెరెనా-లొస్-ఎమొస్ అనే మాటే. టెక్ అక్షరకూర్పు ప్రోగ్రాములోని విరుపు నమూనాలను దీనికి వాడదామని చూశాను, కాని అవి వరుస విరవడానికి అనువైన చోట్లను మాత్రమే చూపుతాయి, మాట మొదటా చివరా ఉన్న చిన్న అక్షరాలను కావాలనే వదిలేస్తాయి. అక్షరాలన్నీ కావలసిన నాకు అవి సరిపోలేదు.

ప్రస్తుత స్థితి

- పరీక్ష గళ్ళు: 682. తప్పులు: 0.
- మినహాయింపుల ఫైళ్ళు రెండు: బ, ద ఉపసర్గల జాబితా, ఉ పలికే అర్గుఇర్ వంటి క్రియల జాబితా.
- మిగిలిన పని: ఫ్లుఇర్ (ప్రవహించు) క్రియ విశేషణ రూపం ఫ్లుఈదొ ఫ్లు·ఈ·దొ, చిహ్నం లేని ఫ్లుఇదొ అనే గుణవాచకం ఫ్లుఇ·దొ. రెండోది క్రియారూపం కాదని తెలియక ప్రోగ్రాము దానికి కూడా ఫ్లు+ఇ+దొ అనే నిర్మాణం ఇచ్చి, దాన్నిబట్టి తప్పుగా మూడు అక్షరాలు చేస్తోంది. పట్టికలో చిహ్నంతో సహా సరిపోలని రూపానికి జవాబు ఇవ్వకుండా ఆపే వరుస రాశాను, ఇంకా 682 గళ్ళ మీద నడపలేదు.